నీలం బిళ్ల మార్చగానే ఫటేల్‌మంది: ఎమ్‌ఓవీ, ఎన్‌టీసీ, పీటీసీ సందేహాలు

#1 లూజ్‌కనెక్షన్

సీసీటీవీ కెమెరాలకి వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (ఏసీని డీసీ చేసే పవర్ సప్లై బోర్డు) ఒకటి బల్ల మీద ఉంది. పిడుగుల వాన పడ్డాక చచ్చిపోయింది. ఫ్యూజు గాజు నల్లగా మాడింది, దాని పక్కనున్న నీలం బిళ్ల రెండు చెక్కలైంది. ముక్కలు కలిపి చదివితే ‘ఎస్14కే275’ అని వస్తోంది. షాపులో అది లేదని, 275కి 271 దగ్గరేనని ‘14డీ271కే’ ఇచ్చారు. అది వేసి స్విచ్ నొక్కగానే ఫటేల్‌మని పేలింది, కొత్త ఫ్యూజూ పోయింది.

మూడు ప్రశ్నలు. బోర్డులో ఇంకా షార్ట్ ఉన్నట్టా? పక్కనే ‘5డీ-9’ అని రాసిన నల్ల బిళ్ల ఉంది, మీటరు పెడితే 5 ఓమ్‌లు చూపిస్తోంది. అదీ ఇదే జాతిదా? ఈ నీలం బిళ్ల బాగుందో లేదో పేలకముందే తెలుసుకునే దారి ఉందా?

#2 ఓమ్‌మీటర్

బోర్డులో షార్ట్ ఉన్నా లేకపోయినా 14డీ271కే పేలి తీరుతుంది. ఆ నీలం బిళ్ల ఎమ్‌ఓవీ: మామూలు వోల్టేజిలో కరెంటుని ఆపి, పరిమితి దాటగానే వదిలేసి, సర్జ్‌ని (క్షణంలో ఎగిసిపడే వోల్టేజిని) తాను మింగే భాగం. రెండు కోడ్‌లలో అంకె ఒకటే అర్థం చెప్పదు.

ఎస్14కే275: 14 మి.మీ. బిళ్ల, నిరంతరం 275 వోల్టుల ఏసీ తట్టుకుంటుంది. ఇక్కడ 275 అంటే ఏసీ ఆర్‌ఎమ్‌ఎస్, మామూలుగా మీటరు చూపించే అంకె.

14డీ271కే: 14 మి.మీ. బిళ్ల, 27 పక్కన ఒక సున్నా, అంటే 270 వోల్టులు. ఇది ఒక మిల్లీ ఆంపియర్ డీసీ పారినప్పుడు దాని కాళ్ల మధ్య ఉండే వోల్టేజి. చివరి ‘కే’ అంటే 10 శాతం అటూ ఇటూ. దీని ఏసీ పరిమితి 175 వోల్టులే. మన 230 వోల్టుల శిఖరం 325. ప్రతి అర సైకిల్‌లోనూ 270 దాటిపోతుంది కాబట్టి స్విచ్ వేసిన క్షణం నుంచే బిళ్ల ఎంత కరెంటు దొరికితే అంతా మింగుతుంది.

ఎస్14కే275కి సరిజోడు 14డీ431కే. ఈ వరసలో మనకి పనికొచ్చేవి ఇవి:

14డీ431కే: 275 ఏసీ, 350 డీసీ, 50 ఆంపియర్ల సర్జ్ దగ్గర వోల్టేజిని 710 దాటకుండా పట్టి ఉంచుతుంది.
14డీ471కే: 300 ఏసీ, 385 డీసీ, 775 వోల్టులు.
14డీ511కే: 320 ఏసీ, 415 డీసీ, 845 వోల్టులు.
14డీ621కే: 385 ఏసీ, 505 డీసీ, 1025 వోల్టులు.

బిళ్ల పెద్దదైతే వోల్టేజి మారదు, కరెంటు సామర్థ్యం పెరుగుతుంది. 471కేలోనే 7 మి.మీ. బిళ్ల ఒకసారికి 1200 ఆంపియర్లు, 10 మి.మీ.ది 2500, 14 మి.మీ.ది 4500, 20 మి.మీ.ది 6500 దాకా (8 మైక్రోసెకన్లలో లేచి 20 దగ్గర సగానికి దిగే అల) తట్టుకుంటుంది. అదీ ఒక్కసారి మాత్రమే. పదే పదే తగిలే సర్జ్‌లకి ఈ అంకె బాగా పడిపోతుంది, డేటాషీట్‌లో వేరే గ్రాఫు ఉంటుంది.

#3 పాతబల్ల

నల్ల బిళ్ల వేరే జాతి. అది ఎన్‌టీసీ, వేడెక్కితే నిరోధం తగ్గేది. 5డీ-9 అంటే 25 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లు, 9 మి.మీ. బిళ్ల. మీ మీటరు 5 చూపిస్తోందంటే అది బాగానే ఉంది. నీలం బిళ్ల లైనుకీ న్యూట్రల్‌కీ అడ్డంగా ఉంటుంది, నల్లది లైనులో వరసగా ఉంటుంది. రంగు చూసి మాత్రం నమ్మకండి. పచ్చ ఎన్‌టీసీలు, ఎర్ర ఎమ్‌ఓవీలు కూడా ఉన్నాయి. బోర్డు మీద అచ్చు చూడండి: ఎన్‌టీసీ, టీహెచ్, ఆర్‌టీ అని ఉంటే ఉష్ణోగ్రతది; ఎమ్‌ఓవీ, వీడీఆర్, జెడ్‌ఎన్‌ఆర్, ఆర్‌వీ అని ఉంటే వోల్టేజిది.

ఎన్‌టీసీ ఉద్యోగం స్విచ్ వేసిన మొదటి క్షణంలోనే. బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) తర్వాత ఉన్న 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు షార్ట్‌తో సమానం. శిఖరం దగ్గర స్విచ్ పడితే 325ని 5తో భాగించి 65 ఆంపియర్లు. ఆ 5 ఓమ్‌లు లేకపోతే అడ్డుకునేది వైరింగు, కెపాసిటర్ లోపలి నిరోధం మాత్రమే. కరెంటు దానికి రెండు మూడింతలు పోతుంది. స్విచ్ కాంటాక్టులు అతుక్కోవడం, బ్రిడ్జి పోవడం అక్కడే మొదలు. తర్వాత మామూలు కరెంటుకి బిళ్ల వేడెక్కి ఒక ఓమ్ దగ్గరికో, ఇంకా కిందికో దిగిపోతుంది, నష్టం తగ్గుతుంది.

5డీ-9 పరిమితి 3 ఆంపియర్లు, 10డీ-9ది 2, 10డీ-11ది 3, 5డీ-11ది 4. మీ 60 వాట్ల బోర్డు అర ఆంపియర్ చుట్టూ తీసుకుంటుంది కాబట్టి 5డీ-9 కానీ 10డీ-9 కానీ చాలు. అంకె పెద్దదైతే మంచిదని 5 ఆంపియర్ల బిళ్ల వేస్తారు కొందరు. తక్కువ కరెంటులో అది సరిగా వేడెక్కదు, నిరోధం దిగదు, వోల్టేజి అక్కడే తింటూ ఉంటుంది.

#4 సిరీస్‌ల్యాంప్

కొత్త ఎమ్‌ఓవీ వేసి నేరుగా ప్లగ్ పెట్టవద్దు లూజ్‌కనెక్షన్ గారూ. ముందు ఇది చేయండి.

పెద్ద కెపాసిటర్‌ని 2.2 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి మీటరుతో చూడండి. స్క్రూడ్రైవర్‌తో టపామనిపించే అలవాటు కెపాసిటర్ లోపలి అతుకుల్నీ, మీ కళ్లనీ రెండింటినీ పాడు చేస్తుంది. తర్వాత ముక్కలైన ఎమ్‌ఓవీ తీసేసి, ఆ చుట్టూ పడిన నల్లటి మసిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, బ్రష్‌తో పూర్తిగా తుడవండి. ఆ మసి కరెంటు పారించగలదు. బోర్డు కాలి బొగ్గైతే గీకి తీసేయాలి.

బ్రిడ్జిలో నాలుగు డయోడ్లూ ఒకవైపు 0.5–0.6 చూపాలి. మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) డ్రెయిన్, సోర్స్ కాళ్ల మధ్య షార్ట్ ఉండకూడదు. ఉంటే సోర్సులో ఉన్న చిన్న ఓమ్‌ల రెసిస్టర్, కంట్రోల్ ఐసీ కూడా అనుమానించండి. ఇవన్నీ బాగుంటే 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటివ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే బోర్డు బతికినట్టే. నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా షార్ట్ ఉంది.

ఫ్యూజు టీ రకం (ఆలస్యంగా కరిగేది) 2 లేదా 3.15 ఆంపియర్లు, 250 వోల్టులది వేయండి. ఎఫ్ రకం (వేగంగా కరిగే) చిన్న ఫ్యూజు వేస్తే చిన్న సర్జ్‌కే పోతుంది. రాగి తీగ చుడితే ఈసారి బిళ్ల బదులు బోర్డే కాలుతుంది.

#5 లూజ్‌కనెక్షన్

బ్రిడ్జి బాగుంది, మాస్‌ఫెట్ బాగుంది. 14డీ431కే వేసి సిరీస్ బల్బు మీద పెడితే వెలిగి ఆరింది, 12 వోల్టులు వస్తోంది. ఇంకో సందేహం: ఈ బోర్డు పెట్టేది ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. రాత్రి పూట వోల్టేజి 260 దాటుతుంది, కరెంటు సెకన్లలో పోయి వస్తుంది. అక్కడ 431కే నిలుస్తుందా, లేక 621కే వేసేయడం మేలా?

#6 ఓమ్‌మీటర్

మన సరఫరా ప్రమాణం 230కి 10 శాతం అటూ ఇటూ, అంటే పైన 253. 275 బిళ్లకి మిగిలే జాగా 22 వోల్టులే. 260–270 మామూలుగా వచ్చే చోట 431కే రోజూ అంచు మీద నిలబడుతుంది. 14డీ511కే వేయండి. 621కే వద్దు.

#7 ఎర్త్‌పిట్

దీనితో ఏకీభవించను. పల్లెల్లో బోర్డులు చచ్చేది పిడుగుతో కన్నా న్యూట్రల్ తెగి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజు మీద 300 నుంచి దాదాపు 400 దాకా వస్తుంది. 511కే అక్కడ నిమిషంలో మాడిపోతుంది. 621కే అయితే 385 దాకా ఆగుతుంది.

#8 పాతబల్ల

ఎమ్‌ఓవీ ఆగుతుంది, నిజమే. దాని వెనకున్నది ఆగదు. 400 వోల్టుల ఏసీ శిఖరం 566. బ్రిడ్జి వెనక కెపాసిటర్ మీద ‘400 వోల్టులు’ అని రాసి ఉంటుంది, మహా అయితే 450. న్యూట్రల్ తెగిన రోజు 621కే చల్లగా కూర్చుంటే కెపాసిటర్ నెత్తి పగిలి, ఆవిరి కక్కి, మాస్‌ఫెట్‌ని కూడా తీసుకుపోతుంది. అదే చోట 431కే ఉంటే తను షార్టై ఫ్యూజుని కొట్టేస్తుంది. చాలాసార్లు ఒక బిళ్ల, ఒక ఫ్యూజుతో బేరం తేలిపోతుంది. చిన్న బిళ్ల చావడం ఇక్కడ లోపం కాదు, దాని డ్యూటీ.

ఎమ్‌ఓవీ మైక్రోసెకన్ల దెబ్బకి తయారైంది. 14 మి.మీ. బిళ్ల మింగగలిగేది నూటపాతిక జౌళ్ల చుట్టూ. నిరంతరం అయితే దాని ఒంటికి ఒక వాటు కూడా ఎక్కువే. 300 వోల్టులు నిమిషాల తరబడి ఉంటే దాన్ని ఆపేది ఎమ్‌ఓవీ కాదు, 265–270 దగ్గర కట్ చేసి, వోల్టేజి దిగాక ఆలస్యంగా కలిపే ఓవర్ వోల్టేజి రిలే. డీబీలో (ఎంసీబీలు ఉండే పెట్టెలో) పట్టాల మీద బిగించే రకం దొరుకుతుంది. ఎమ్‌ఓవీ పిడుగుకి, రిలే న్యూట్రల్‌కి. రెండూ పెట్టాలి.

#9 ఎర్త్‌పిట్

కెపాసిటర్ సంగతి ఒప్పుకుంటాను. 511కే ప్లస్ రిలే అనండి. కానీ ఫ్యూజు ముందు లేకుండా ఎమ్‌ఓవీ వేసిన బోర్డులూ, చవక స్పైక్ గార్డులూ చాలా ఉన్నాయి. అక్కడ బిళ్ల షార్టయ్యేలోపు నిప్పంటుకుంటుంది. ఎందుకంటే అది ఒక్కసారిగా చావదు. ప్రతి సర్జ్‌కీ కొంచెం దెబ్బతిని ఒక మిల్లీ ఆంపియర్ దగ్గరి వోల్టేజి దిగుతూ వస్తుంది, లీకేజీ పెరుగుతుంది, వేడెక్కుతుంది, వేడెక్కితే లీకేజీ ఇంకా పెరుగుతుంది. అప్పుడు పారేది ఎంసీబీని పడగొట్టేంత కరెంటు కాదు, ప్లాస్టిక్‌ని కాల్చేంత. అందుకే మంచి రకాల్లో బిళ్లకి ఆనించి థర్మల్ కటాఫ్ ఉంటుంది. మూడు కాళ్ల ఎమ్‌ఓవీ కనిపిస్తే అదే.

#10 రీవర్క్‌రాణి

ఇంత చర్చలో చూడటానికి ఒకేలా ఉన్న బిళ్లలు ఇంత వేరుగా ఎందుకు ప్రవర్తిస్తాయో ఎవరూ చెప్పలేదు. క్లుప్తంగా:

ఎన్‌టీసీ మాంగనీస్, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్‌ల పొడిని నొక్కి, కాల్చి చేసిన పింగాణీ. వేడి పెరిగే కొద్దీ ఎలక్ట్రాన్లు ఒక అయాన్ నుంచి పక్క అయాన్‌కి గెంతడం తేలికవుతుంది, నిరోధం తగ్గుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ తీరుని 1833లోనే ఫారడే గమనించాడు.

ఎమ్‌ఓవీ జింక్ ఆక్సైడ్ గింజల ముద్ద. గింజకీ గింజకీ మధ్య బిస్మత్ ఆక్సైడ్ చేరిన పలుచని సరిహద్దు ఉంటుంది. ఒక్కో సరిహద్దు సుమారు 3 వోల్టుల వరకు కరెంటుని ఆపి, దాటగానే వదిలేస్తుంది. 470 వోల్టుల బిళ్లలో ఒక కాలి నుంచి ఇంకో కాలికి దాదాపు నూట యాభై సరిహద్దులు వరసగా ఉన్నట్టు. అందుకే మందం వోల్టేజిని నిర్ణయిస్తుంది, వెడల్పు కరెంటుని. దీన్ని 1960ల చివర్లో జపాన్‌లోని మత్సుషిత సంస్థలో మిచియో మత్సుఓకా బృందం తయారుచేసింది. అంతకుముందు సిలికాన్ కార్బైడ్ వాడేవారు, అది ఇంత నిటారుగా తెరుచుకోదు.

పీటీసీ ఎన్‌టీసీకి తిరగబడింది, వేడెక్కితే నిరోధం పెరిగేది. అది బేరియం టైటనేట్. సుమారు 120 డిగ్రీల దాకా మామూలుగా ఉండి, అక్కడ స్ఫటికం తీరు మారి నిరోధం వేల రెట్లు ఎగబాకుతుంది. సీసం కలిపితే ఆ మలుపు పైకి, స్ట్రాన్షియం కలిపితే కిందికి జరుగుతుంది. ఫ్రిజ్ స్టార్టర్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో డీగాసింగ్ చుట్టకి కట్టిన మూడు కాళ్ల డబ్బా, చాలా దోమల లిక్విడ్ మెషీన్లలో వేడి బిళ్ల, గ్లూ గన్ హీటరు, ఇవన్నీ పీటీసీలే. హీటరుగా వాడినప్పుడు థర్మోస్టాట్ అక్కర్లేదు, తన వేడిని తానే పట్టి ఉంచుతుంది.

#11 లూజ్‌కనెక్షన్

సెకన్లలో కరెంటు పోయి వచ్చే విషయం మిగిలింది. దాని వల్ల నల్ల బిళ్లకి ఏమైనా ఉందా?

#12 పాతబల్ల

బిళ్లకి ఏమీ కాదు, బోర్డుకే ప్రమాదం. 9 మి.మీ. బిళ్ల చల్లారే కాల స్థిరాంకం సుమారు అర నిమిషం. పూర్తిగా చల్లారి 5 ఓమ్‌లకి రావడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. లోడు మీద ఉన్న కెపాసిటర్ సెకను లోపే ఖాళీ అవుతుంది. మూడు సెకన్లకి కరెంటు తిరిగొస్తే బిళ్ల ఇంకా వేడిగా, ఓమ్ దగ్గరే ఉంటుంది. అంటే ఎన్‌టీసీ లేనట్టే. బ్రిడ్జి, ఫ్యూజు అలా పోతాయి. పెద్ద బోర్డుల్లో ఎన్‌టీసీకి అడ్డంగా రిలే పెట్టి, కెపాసిటర్ నిండగానే బైపాస్ చేస్తారు. బిళ్ల చల్లగా ఉండి మళ్లీ సిద్ధంగా ఉంటుంది. మీ చోట మెయిన్ వైపు మూడు నిమిషాల ఆలస్యం ఉన్న వోల్టేజి రిలే పెడితే ఇదీ తీరిపోతుంది.

ఎన్‌టీసీ పనిలో ఉండగా నూట యాభై డిగ్రీలు దాటగలదు. బోర్డుకి ఆనించి కూర్చోబెట్టకండి. కాళ్లు వంపు తిప్పి అర అంగుళం ఎత్తులో ఉంచండి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి దూరంగా. బోర్డు గోధుమ రంగుకి మారి, సోల్డర్ చుట్టూ గుండ్రంగా పగులు కనిపిస్తే కారణం అదే.

#13 రీవర్క్‌రాణి

చిన్న చేర్పు. బీఎల్‌డీసీ ఫ్యాన్ బోర్డులు, ఎల్‌ఈడీ డ్రైవర్లలో ఎన్‌టీసీ బదులు 10 ఓమ్‌ల ఫ్యూజిబుల్ రెసిస్టర్ ఉంటుంది. అదే ఫ్యూజు కూడా. పోతే మామూలు కార్బన్ రెసిస్టర్ వేయకూడదు, అది తెగకుండా మండుతుంది.

#14 ఓమ్‌మీటర్

మొదటి పోస్టులో మూడో ప్రశ్న మరిచిపోయాం. మల్టీమీటరు ఓమ్‌లలో మంచి ఎమ్‌ఓవీ ఓపెన్ చూపిస్తుంది, సగం చచ్చినదీ ఓపెనే చూపిస్తుంది. షార్టైనది మాత్రమే పట్టుబడుతుంది. అసలు పరీక్ష ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర వోల్టేజి చూడటం.

ఇన్సులేషన్ టెస్టర్ (మెగ్గర్) ఉంటే సులువు. ఎమ్‌ఓవీని బోర్డు నుంచి విడదీయండి. 220 కిలో ఓమ్‌లు, 1 వాటు రెసిస్టర్లు రెండు వరసగా కలిపి దానికి సిరీస్‌లో పెట్టండి. టెస్టర్ 1000 వోల్టుల మీద ఉంచండి. 1000 వోల్టుల డీసీ చూడగల మల్టీమీటరుని ఎమ్‌ఓవీ కాళ్ల మీదే పెట్టండి. లెక్క: 1000 నుంచి 470 తీస్తే 530, దాన్ని 440 కిలో ఓమ్‌లతో భాగిస్తే 1.2 మిల్లీ ఆంపియర్లు. బటన్ రెండు మూడు సెకన్లే నొక్కండి, వేడెక్కితే అంకె దిగుతుంది. 471కే అయితే 423–517 మధ్య రావాలి. 431కేకి 387–473. ఆ కింది హద్దు కన్నా తక్కువ వస్తే మార్చేయండి. కాళ్లు తిప్పి మళ్లీ చూడండి, రెండు వైపులా తేడా బాగా ఉంటే సర్జ్ తిన్నట్టే. నొక్కినప్పుడు చేతులు దూరం.

#15 ఎర్త్‌పిట్

ఇంటి డీబీలో ఎస్‌పీడీ (ఇల్లంతటికీ సర్జ్‌ని ఆపే పరికరం) పెట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్తాను. టైప్ 2 ఎస్‌పీడీ, నిరంతర వోల్టేజి 320, గరిష్ఠం 40 కిలో ఆంపియర్లు, రక్షణ స్థాయి 1.5 కిలోవోల్టులు అని చూసి కొంటారు. తర్వాత దాన్ని డీబీ మూలలో పెట్టి మీటరున్నర వైరుతో ఎర్త్ బార్‌కి కలుపుతారు. మీటరు వైరుకి సుమారు ఒక మైక్రోహెన్రీ. సర్జ్ మైక్రోసెకనుకి ఒక కిలో ఆంపియర్ చొప్పున లేస్తే మీటరుకి వెయ్యి వోల్టులు వైరులోనే పుడతాయి. 1.5 కిలోవోల్టుల ఎస్‌పీడీ 3 కిలోవోల్టులదైపోయింది. రెండు వైపుల వైరు కలిపి 50 సెంటీమీటర్లు దాటకూడదు, చుట్టలు చుట్టకూడదు.

న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎమ్‌ఓవీ బదులు గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ ఉన్న రకం తీసుకోండి. లైను నుంచి ఎర్త్‌కి నేరుగా వేసిన ఎమ్‌ఓవీ ముసలిదైతే లీకేజీ ఎర్త్‌కి పోయి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీకి పడే స్విచ్) కారణం లేకుండా పడుతుంటుంది. వైరింగంతా వెతికి, చివరికి స్పైక్ గార్డు పీకితే ఆగుతుంది. ఎర్త్ లేని ఇంట్లో లైను–ఎర్త్ ఎస్‌పీడీ అలంకారమే.

నెట్‌వర్క్, కెమెరా డేటా వైర్ల మీద ఈ బిళ్లలు వేయకండి. 14 మి.మీ. ఎమ్‌ఓవీకి వందల పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, సిగ్నల్ చచ్చిపోతుంది.

#16 గ్యాస్‌చార్జింగ్

పీటీసీ మాట వచ్చింది కాబట్టి ఫ్రిజ్ సంగతి. కంప్రెసర్ పక్కన గుచ్చే పీటీసీ రిలే చల్లగా ఉన్నప్పుడు 15–33 ఓమ్‌ల మధ్య ఉంటుంది, 22 ఎక్కువగా కనిపిస్తుంది. కరెంటు రాగానే స్టార్ట్ వైండింగ్ దీని గుండా పనిచేస్తుంది. సెకను లోపే పీటీసీ వేడెక్కి కిలో ఓమ్‌లలోకి వెళ్తుంది, స్టార్ట్ వైండింగ్ పక్కకి తప్పుకున్నట్టే. కొన్ని మిల్లీ ఆంపియర్లు మాత్రం పారుతూ బిళ్లని వేడిగా ఉంచుతాయి. ఫ్రిజ్ నడుస్తున్నంతసేపూ ఆ రిలే ముట్టుకోలేనంత వేడిగా ఉండటం జబ్బు కాదు.

కరెంటు పోయి నిమిషంలో వస్తే పీటీసీ ఇంకా వేడి, పైగా గ్యాస్ ప్రెషర్ రెండు వైపులా సమం కాలేదు. కంప్రెసర్ మూలుగుతుంది, ఓవర్‌లోడ్ టక్కుమని కట్ చేస్తుంది, కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగితే లేస్తుంది. ఆగకుండా టక్ టక్ అంటూనే ఉంటే పీటీసీ ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే బిళ్ల ముక్కలైంది. శబ్దం లేకపోతే చల్లారాక మీటరు పెట్టండి. ఓపెన్ ఉన్నా, మీద రాసిన ఓమ్‌లకి బాగా తేడా ఉన్నా మార్చాలి. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో ఈ రిలే ఉండదు, అక్కడ వెతకొద్దు.

పీటీసీ దొరక్క ‘22 ఓమ్‌లే కదా’ అని ఎన్‌టీసీ గుచ్చితే వేడెక్కే కొద్దీ స్టార్ట్ వైండింగ్‌లో కరెంటు పెరుగుతూ పోతుంది. కంప్రెసర్ మాడుతుంది.

#17 వైండింగ్‌వైరు

మోటారు వైండింగ్‌లో పెట్టే పీటీసీ ఇంకో రకం. మూడు ఫేజుల చుట్టలలో ఒక్కొక్కటి, మూడూ సిరీస్‌లో. జర్మన్ ప్రమాణం డిన్ 44081 ప్రకారం ఒక్కొక్కటీ చల్లగా 250 ఓమ్‌లకి మించకూడదు. నిర్దేశిత ఉష్ణోగ్రతకి 5 డిగ్రీల ముందు 550 దాటకూడదు, 5 డిగ్రీలు దాటాక 1330కి తగ్గకూడదు, 15 దాటాక 4000కి తగ్గకూడదు. అంటే పది డిగ్రీల ఇరుకులో మలుపు తిరుగుతుంది. ఏదో ఒక్క ఫేజు వేడెక్కినా సిరీస్ మొత్తం పెరిగి రిలే పడుతుంది, వైరు తెగినా పడుతుంది.

దీనిమీద 2.5 వోల్టులకి మించి పెట్టి కొలవకూడదు. మెగ్గర్ అసలే వద్దు. వైండింగ్‌కి మెగ్గర్ పెట్టేటప్పుడు పీటీసీ రెండు వైర్లనీ ఒకదానికొకటి కలిపి ఉంచండి. రీవైండింగ్‌లో వీటిని చుట్ట బయట గుడ్డ మీద అతికించి వార్నిష్ పోస్తే పని జరగదు. చుట్ట తీగల మధ్యలోకి దూర్చి, వార్నిష్‌కి ముందే కట్టాలి.

#18 పొదుగుపెట్టె

ఎన్‌టీసీని కొలిచే పనికి వాడేవాళ్లు లేరా? కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌లో డబ్ల్యూ1209 బోర్డు (ఉష్ణోగ్రత చూసి హీటర్‌ని వేసి ఆపేది), 10 కిలో ఓమ్‌ల ప్రోబు. 37.5 దగ్గర పెట్టాం. కొత్తలో బాగుంది, ఇప్పుడు పిల్లలు గుడ్లలోంచి ఆలస్యంగా బయటికొస్తున్నాయి. బోర్డు మాత్రం 37.5 అనే చూపిస్తోంది.

#19 ఓమ్‌మీటర్

ప్రోబులో తేమ దూరి ఉంటుంది. ఆ ప్రోబు 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, బీటా (వేడికి నిరోధం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె) 3950. 37.5 దగ్గర సుమారు 5.87 కిలో ఓమ్‌లు, డిగ్రీకి 240 ఓమ్‌ల చొప్పున తగ్గుతుంది. లోపల తేమ వల్ల 200 కిలో ఓమ్‌ల లీకు సమాంతరంగా ఏర్పడితే బోర్డుకి 5.70 కనిపిస్తుంది, అంటే 0.7 డిగ్రీలు ఎక్కువ. హీటర్ ముందే ఆగుతుంది, పెట్టె 36.8 దగ్గరే ఉండిపోతుంది. లీకు 50 కిలో ఓమ్‌లకి దిగితే తేడా 2.7 డిగ్రీలు. తేమ ఎప్పుడూ వేడి ఎక్కువున్నట్టే చూపిస్తుంది, తక్కువ చూపించదు.

ప్రోబుని విప్పి మీటరుకి తగిలించి ఫ్లాస్కులో దంచిన ఐసు, కొద్దిగా నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. మంచిదైతే 32–33 కిలో ఓమ్‌లు స్థిరంగా ఉంటుంది. అంకె తక్కువగా ఉండి జారుతుంటే పారేయండి. కొత్త ప్రోబు వైరు దూరే నోటిని హీట్ ష్రింక్, ఎపాక్సీతో మూసి, వైరు కిందికి వంగి పైకి వెళ్లేలా కట్టండి. తడి చుక్క ప్రోబులోకి జారదు.

తర్వాత సవరణ. 38 డిగ్రీల నీళ్లు ఫ్లాస్కులో పోసి ప్రోబునీ, నమ్మకమైన జ్వరం థర్మామీటర్‌నీ కలిపి ముంచండి. తేడాని బోర్డు సెట్టింగుల్లో పీ4 (సవరణ) దగ్గర వేయండి. 0 దగ్గర సవరిస్తే 37.5 దగ్గర సరిపోతుందని లేదు, వాడే చోటే సవరించాలి. అంకె 0.1 దాకా చూపిస్తుంది కాబట్టి అంత కచ్చితం అనుకోకండి.

ప్రోబు కొనేటప్పుడు బీటా అడగండి. 10 కిలో ఓమ్‌లే అయినా 3435 రకం వేస్తే 25 దగ్గర సరిగ్గా ఉంటుంది, 50 డిగ్రీల దగ్గర బోర్డు 46.5 చూపిస్తుంది. వైరు పది మీటర్లు పెంచినా పెరిగేది ఓమో రెండు ఓమ్‌లో, 240తో పోలిస్తే లెక్కలోకి రాదు.

సొంతంగా సర్క్యూట్ కట్టేవాళ్లకి: 10 కిలో ఎన్‌టీసీకి 10 కిలో పైరెసిస్టర్ (1 శాతం), ఏడీసీకీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) ఈ రెండు రెసిస్టర్ల డివైడర్‌కీ ఒకే రిఫరెన్సు వోల్టేజి, గ్రౌండ్‌కి 100 నానోఫారడ్‌లు. 3.3 వోల్టుల మీద ఎన్‌టీసీలో 0.27 మిల్లీవాట్లు. మిల్లీవాట్లు రెండైతే గాలిలో డిగ్రీ వేడెక్కే చిన్న పూసకి 0.14 డిగ్రీల సొంత వేడి, పర్వాలేదు. అదే 1 కిలో ఎన్‌టీసీ, 1 కిలో రెసిస్టర్, 5 వోల్టులు పెడితే 6.25 మిల్లీవాట్లు, 3 డిగ్రీల అబద్ధం.

#20 గ్యాస్‌చార్జింగ్

ఏసీ సెన్సర్లలోనూ ఇదే గొడవ. ఇండోర్‌లో 10 కిలోవీ ఉంటాయి, 5 కిలోవీ ఉంటాయి. 10 కిలో ఉండాల్సిన రూమ్ సెన్సర్ చోట 5 కిలో వేస్తే 25 డిగ్రీల గదిని బోర్డు 41 అనుకుంటుంది. కంప్రెసర్ కట్ కాదు, కాయిల్ మీద ఐసు కడుతుంది. తిరగేసి వేస్తే గది 10 డిగ్రీలనుకుని కంప్రెసర్ లేవనే లేవదు. ఎర్రర్ కోడ్ రాదు, ఎందుకంటే బోర్డు పట్టుకునేది ఓపెన్, షార్ట్ మాత్రమే. రూమ్ సెన్సర్, పైప్ సెన్సర్ వేర్వేరు విలువలు ఉండే మోడళ్లూ ఉన్నాయి, కనెక్టర్లు తారుమారు చేయకండి.

#21 లూజ్‌కనెక్షన్

14డీ511కే, టీ 3.15 ఫ్యూజు వేశాను. బయట వోల్టేజి రిలే 270 కట్, 180 సెకన్ల ఆలస్యం. ఎమ్‌ఓవీకి స్లీవు తొడగాలా? పాతదానికి నల్ల స్లీవు ఉంది.

#22 సిరీస్‌ల్యాంప్

తొడగండి. పేలితే ముక్కలు, మసి పక్క భాగాల మీద పడకుండా ఆపుతుంది. పీవీసీ వద్దు, అంటుకుంటుంది. మంట పట్టని హీట్ ష్రింక్ కానీ ఫైబర్‌గ్లాస్ స్లీవు కానీ వాడండి. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించండి, ఎన్‌టీసీ కాళ్లలా పొడుగ్గా వదలొద్దు.

#23 ఎర్త్‌పిట్

రిలే లైనుని మాత్రమే కట్ చేసే రకమా, న్యూట్రల్ కూడానా? న్యూట్రల్ తెగే చోట రెండూ కట్ చేసేది కావాలి. తెగిన న్యూట్రల్ మీద కూడా వోల్టేజి ఉంటుంది.